పేను కొరకని పేనుకొరుకుడు

తలమీద రూపాయి బిళ్లంత మేర, ఒక్క వెండ్రుకయైనను లేకుండ, మెరుగుపెట్టిన రాతివలె నున్నగా, రాత్రికి రాత్రి ఏర్పడు మచ్చను మన తెలుగువారు పేనుకొరుకుడు అందురు. ఈ పేరు పెట్టిన పూర్వుడెవరోగాని ఆతని ఊహ సహజమైనదే. గొంగళిపురుగు ఆకును తిన్నట్లు, చిమ్మెట శాలువను కొట్టినట్లు, ఏదో ఒక పురుగు ఆ మేర జుట్టును కుదుళ్లతో కొరికిపోయినదని చూచినవారికి తోచును. తలలో నివసించు పురుగు పేను గనుక నేరము దాని మీద పడినది. పేనుకు కొరుకుటకు వలయు దవడలు లేవు. సన్నని సూదులవంటి నోటితో నెత్తురు పీల్చి బ్రతుకు ఆ జీవి వెండ్రుకను తెంపజాలదు. అయినను తరతరములుగా ఈ నేరమును అదియే మోయుచున్నది. దానితోపాటు, తలలో పేలున్న మురికివాడన్న నిందను రోగియు మోయుచున్నాడు.

మా చిన్నతనమున పల్లెబడిలో ఒక బాలునికి చెవి వెనుక ఇట్టి మచ్చ పుట్టెను. ఆతని పలకను ఎవరును ముట్టరాదనియు, ఆతని తువాలుతో తల తుడుచుకొనరాదనియు తల్లులు పిల్లలకు బోధించిరి. పంతులుగారు ఆతనిని బల్ల చివర వేరుగా కూర్చుండబెట్టిరి. ఆతని నాయనమ్మ గురివింద గింజలను సానరాతిమీద అరగదీసి, గరుకు గుడ్డతో ఆ మచ్చను ఎర్రబడువరకు రుద్ది, ఆ గంధమును పట్టించుచుండెడిది. కొన్ని నెలలకు అచ్చట ముందు తెల్లని నూగు, పిదప నల్లని జుట్టు మొలిచెను. ఊరంతయు గురివిందను కొనియాడినది. ఆ బాలునికి ఆ వ్యాధివలన నొప్పి లేదు, దురద లేదు. బాధయంతయు బల్ల చివర కూర్చుండుటలోనే యుండెను. ఈ వ్యాధి చరిత్రను చదివినకొలదియు నాకు ఆ బాలుడే జ్ఞప్తికి వచ్చును. ఏలయన, వెండ్రుకలు రాలిన తలకు మందు వెదకిన మానవుడు, ఆ రాలుట ఎందువలన గలిగెనో తెలిసికొనకమున్నే కారణమును నిర్ణయించి, ఆ నిర్ణయఫలమును రోగిచేత అనుభవింపజేసిన ఘట్టములు ఈ చరిత్రలో పెక్కులు గలవు.

మన దేశమున కేశచింత వేదకాలము నాటిది. ఋగ్వేదము ఎనిమిదవ మండలమున అపాల యను కన్య ఇంద్రుని ప్రార్థించుచు మూడు చోట్ల మొలకెత్తింపుమని కోరినది: తన తండ్రి బట్టతలమీద, ఆయన పొలములో, తన దేహముమీద. బీడుపడిన పొలమును బట్టతలను ఒక్క శ్వాసలో చెప్పగలిగిన ఆ కన్య మాటలో సేద్యము నెరిగిన జాతి హృదయము వినబడును. అథర్వవేదము ఆరవ కాండమున జుట్టు పెరుగుటకై నితత్ని యను ఓషధిని ఉద్దేశించిన సూక్తములు గలవు. జమదగ్ని తన కూతురి కేశవృద్ధికై ఆ మూలికను త్రవ్వి తెచ్చెనని అందు చెప్పబడినది. రెండు చోట్లను తండ్రీకూతుళ్ల ప్రసక్తియే వచ్చుట నాకు మనోహరముగా తోచును.

ప్రార్థనను దాటి పరీక్షకు వచ్చినది సుశ్రుతసంహిత. నిదానస్థానము పదుమూడవ అధ్యాయమున క్షుద్రరోగములను వర్ణించుచు, వాతముతో గూడిన పిత్తము రోమకూపములను జేరి వెండ్రుకలను రాల్చుననియు, పిమ్మట కఫము రక్తముతో గలిసి ఆ కూపములను మూసివేయుటచే అచ్చట మరల మొలవదనియు చెప్పి, దానికి ఇంద్రలుప్తమని పేరిడెను. ఆ ప్రక్కనే, తల చర్మము బిరుసెక్కి దురదపెట్టి పొట్టు రాలు దారుణకమును వేరుగా చెప్పెను. ఇదియే మన చుండ్రు. కఫమువలనను రక్తమువలనను క్రిమివలనను తలపై పుట్టి రసికారు కురుపులను అరుంషిక యని మరియొక వ్యాధిగా విడదీసెను. క్రోధశోకశ్రమలచే పుట్టిన వేడి తలకెక్కి వెండ్రుకలను నెరపించుటను పలితమనెను. వాతపిత్తకఫముల భాషను నేటి వైద్యుడు అంగీకరింపకపోవచ్చునుగాని, ఒకే తలమీద కనబడు నాలుగు బాధలు నాలుగు వేర్వేరు రోగములనియు, క్రిమిని ఒకదానికే అంటగట్టవలెననియు ఆ ప్రాచీనుడు గ్రహించుట సామాన్యము కాదు. ఇంద్రలుప్తమునకు ఆయన క్రిమిని కారణముగా చెప్పలేదు. వాగ్భటుడు అష్టాంగహృదయము ఉత్తరస్థానమున ఈ విభాగమును ఇంకను విస్తరించి, మూడు దోషములును గూడి కలిగించిన బట్టతల అసాధ్యమని నిర్మొగమాటముగా వ్రాసెను. మందు అమ్ముకొనువాడు వ్రాయగల వాక్యము కాదది.

చికిత్సాస్థానమున సుశ్రుతుడు ఇంద్రలుప్తమునకు విధించిన ఉపచారము కఠినమైనది. తలకు చమురు పట్టించి, చెమటపట్టించి, సిరను గ్రుచ్చి నెత్తురు తీసిన పిమ్మట, మిరియము, మణిశిల, అన్నభేది, మైలుతుత్తము నూరిన ముద్దను పూయవలెను; లేదా ఆ స్థలమును లోతుగా గాట్లు పెట్టి గుంజాకల్కమును మాటిమాటికి పట్టింపవలెను. గుంజ యనగా గురివింద. సుమారు రెండువేల యేండ్ల క్రిందటి ఈ వాక్యము, సంస్కృతమన్నది ఎరుగని ఒక ముసలమ్మ చేతిలో, గాట్లకు బదులు గరుకు గుడ్డయై, మా పల్లెలో జీవించియుండుట నాకు ఆశ్చర్యమును గౌరవమును గూడ కలిగించును. బసవరాజీయాది గ్రంథముల నాశ్రయించి వైద్యము సాగించిన ఆంధ్రవైద్యుల ఇండ్లనుండి, ఒకచేత మంగలికత్తియు మరియొకచేత మందుసంచియు పట్టి ఊరూర తిరిగిన నాయీబ్రాహ్మణుల నోటినుండి, ఇట్టి యోగములు ఇంటింటి వంటయింటి గూటికి చేరియుండును. గుంటగలగరాకు రసముతో కాచిన తలనూనె త్రోవయు ఇదియే.

గురివింద సంగతి మరికొంత చెప్పకతప్పదు. కంసాలి త్రాసులో బంగారమునకు తూనికరాయిగా నిలిచిన ఆ ఎర్రని గింజలో అబ్రిన్ అను మహావిషము గలదు. నమలి మ్రింగినచో ప్రాణములు తీయజాలును. పూర్వము దీనిని నూరి సూదులుగా చేసి ఎండబెట్టి పశువులకు గ్రుచ్చి చంపిన దుర్మార్గములు న్యాయవైద్య గ్రంథములకెక్కినవి. గాట్లుపడిన చర్మముపై దానిని పూసినచో చర్మము పొంగి మండును. ఆ మంటయే మందని పూర్వుల విశ్వాసము. పాశ్చాత్యులును అట్లే తలచి, చర్మమును బొబ్బలెక్కించు కాంథారిస్ పురుగుల సారమును బట్టతలకు పూసిరి. ఇందొక చిత్రమున్నది. 1970 దశకమునుండి చర్మవైద్యులు, బుద్ధిపూర్వకముగా చర్మమునకు పడని రసాయనములను పేనుకొరుకుడు మచ్చపై పూసి, అచ్చట మంద్రమైన వాపును నెలలతరబడి నిలిపి, జుట్టును రప్పించు పద్ధతిని అవలంబించిరి. అంతమాత్రముచేత నాయనమ్మ గురివింద నెగ్గినదనుట తొందరపాటగును. చిన్నచిన్న మచ్చలు గలవారిలో పెక్కుమందికి ఏ మందును లేకయే యేడాది లోపల జుట్టు తిరిగి మొలచును. ఆ యేడాదిలో ఏది పూసిన దానికే కీర్తి దక్కును. పిల్లవాని తలమీద విషపు గింజను అరగదీయుట నేడు ఎవరును చేయరాదు. చేయి కంటికి తగిలినచో కన్నే చెడవచ్చును.

పడమటి దేశముల కథయు ఇట్లే మందుతోనే మొదలయినది. ఈజిప్టులో క్రీస్తునకు పూర్వము 1550 ప్రాంతమున వ్రాయబడి, ఏబర్స్ పపైరస్ అని పేరొందిన వైద్యపత్రమున, సింహము, నీటిగుర్రము, మొసలి, పిల్లి, పాము, కొండమేక యనువాని క్రొవ్వులను కలిపి తలకు రాయుమని యున్నది. గ్రీకులు ఈ రోగమునకు గజ్జిపట్టి బొచ్చు రాలిన నక్క పేరు పెట్టిరి. నేటి అలోపేషియా యను మాటకు అదియే మూలము. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో రోమను రచయిత సెల్సస్ తన వైద్యగ్రంథమున మచ్చలుగా రాలు జుట్టును రెండు విధములుగా విభజించి, తల వెనుక మొదలై రెండు వ్రేళ్ల వెడల్పున చెవులవైపు ప్రాకుదానికి, పామును స్ఫురింపజేయు ఓఫియాసిస్ అను గ్రీకు నామమును వాడెను. వైద్యులు నేటికిని ఆ మాటనే పలుకుచున్నారు. అన్ని మందులకంటె ప్రతిదినము క్షౌరము చేయించుట మేలని ఆయన నమ్మకము. పసిబిడ్డకు ఒకటికి రెండుసార్లు గుండు చేయించిన జుట్టు ఒత్తుగా వచ్చునని మన తల్లులును నమ్ముదురు. 1928లో అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అను శాస్త్రజ్ఞురాలు కొలతలు తీసి పరిశీలించి, గొరుగుటవలన వెండ్రుక లావునందుగాని పెరుగు వేగమునందుగాని మార్పు లేదని తేల్చెను. తిరుమలలో తలనీలాలిచ్చుట భక్తికి సంబంధించినది. దానికి వైద్యకారణము వెదకుట అనవసరము.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ చరిత్రకు కేంద్రము పారిస్ నగరము. అచ్చటి సెయింట్ లూయీ ఆసుపత్రి 1607లో నాలుగవ హెన్రీ రాజు మారిరోగులకై కట్టించినది. 1801లో ఆలిబేర్ వైద్యుడు ప్రవేశించిన పిమ్మట చర్మరోగములకు ప్రపంచప్రసిద్ధమైన విద్యాపీఠమయ్యెను. ఆ కాలమున ఐరోపా బీదపిల్లల తలలను గజ్జితామరలు పీడించుచుండెను. వానిలో ఫావస్ అనునది పచ్చని గిన్నెలవంటి పెచ్చులుకట్టి, ఎలుకకంపు కొట్టి, కుదుళ్లను శాశ్వతముగా మాడ్చెడిది. దానికి చేయు చికిత్సను వ్రాయుటకే చేయి వణకును: తారుజిగురు పూసిన గుడ్డటోపిని పిల్లవాని తలకు అంటించి, అది బిగిసిన పిమ్మట వెండ్రుకలతోసహా ఒక్క పెట్టున ఊడబెరికెడివారు. ఇట్లు మరల మరల చేయవలసియుండెను.

ఇటలీలో బాస్సీ యను పండితుడు పట్టుపురుగుల తెగులునకు కారణము బూజువంటి శిలీంధ్రమని 1835లో ప్రకటించెను. అది చదివి ప్రేరితుడై షోన్‌లైన్ అను జర్మను వైద్యుడు ఫావస్ పెచ్చులో శిలీంధ్రమును 1839లో చూపెను. అంతకు రెండేండ్ల ముందే రేమాక్ అను పండితుడు దానిని సూక్ష్మదర్శినిలో చూచియుండెను. మానవరోగమునకు కంటికి కనబడని జీవి కారణమని తేలిన తొలి సందర్భములలో ఇది యొకటి. కోహ్, పాస్టర్‌ల కీర్తిదినములకు దశాబ్దములు ముందటి మాట. చర్మవైద్యమునకే గాక సర్వవైద్యమునకును ఇంతటి మలుపు ఒక బీదబిడ్డ గజ్జితలనుండి వచ్చినదని ఎందరికి తెలియును?

ఆ విజయమే ఒక పొరపాటునకు తల్లియైనది. హంగరీనుండి పారిస్ వచ్చి స్థిరపడిన డేవిడ్ గ్రూబీ తలతామరను పుట్టించు శిలీంధ్రమును 1843లో వర్ణించి, ఓడువాఁ అను ప్రకృతిశాస్త్రజ్ఞుని పేర దానికి నామకరణము చేసెను. అంతవరకు లెస్స. కాని ఆయన తాను చూచిన రోగమునకు వాడిన పేరు, అప్పటి వైద్యులు పేనుకొరుకుడునకు వాడుచుండిన పేరే అగుటచే, నున్నని మచ్చయు శిలీంధ్రకృతమే యన్న భ్రాంతి వ్యాపించెను. మన పల్లెవాడు పేనును చూచిన చోట పారిస్ పండితుడు శిలీంధ్రమును చూచెను! దాని ఫలము దశాబ్దములపాటు సాగెను. పేనుకొరుకుడు గల పిల్లలను పాఠశాలకు రానీయకుండుట ఫ్రాన్సులో ఆచారమయ్యెను. అంటురోగమనువారికిని నరముల దోషమనువారికిని శతాబ్దాంతమువరకు వాదములు చెలరేగెను. దంతముల బాధయే మూలమని 1902లో జాకే అను వైద్యుడు ప్రతిపాదించెను. బోడిగుండుకు మోకాలికి ముడివేయుట యన్న మన సామెత ఇట్టి వాదములను చూచి పుట్టినదా యనిపించును.

రేమండ్ సబురో ఈ కాలపు మహాపురుషుడు. సెయింట్ లూయీలో తలతామరల ప్రయోగశాలను నడపి, ఏ శిలీంధ్రము ఏ రోగమునకు కారణమో ఒక్కొక్కదానిని పెంచి చూపి, 1910లో తన బృహద్గ్రంథమును ప్రకటించెను. శిలీంధ్రములను పెంచుటకు ఆయన కూర్చిన చక్కెర, పెప్టోనుల అగరు నేటికిని మన జిల్లా ఆసుపత్రుల ప్రయోగశాలలలో ఆయన పేరనే పిలువబడుచున్నది. అట్టివాడును తల జిడ్డులో దొరకిన ఒక సూక్ష్మక్రిమిని బట్టతలకును పేనుకొరుకుడునకును కారణమని ఒకప్పుడు నమ్మెను. ఆ మతము నిలువలేదు. 1904లో ఆయన ఎక్స్‌రే కిరణములను లెక్కప్రకారము ప్రసరింపజేసి, రోగపు జుట్టును నొప్పిలేకుండ రాల్చి, సంవత్సరములు పట్టు చికిత్సను నెలలకు దించెను. తారుటోపీ బాధ తప్పినది. తల్లులు ఆయనను దీవించియుందురు.

ఆ కిరణముల రుణము తరువాతి తరమువారు తీర్చవలసివచ్చెను. ఇరువదవ శతాబ్దిలో పలు దేశములలో వేలకువేల పిల్లల తలలపై ఎక్స్‌రే ప్రసరించినది. ఇజ్రాయెల్‌లో 1948నుండి 1960వరకు, ప్రధానముగా ఉత్తరాఫ్రికానుండియు పశ్చిమాసియానుండియు వలసవచ్చిన కుటుంబముల పిల్లలకు ఈ చికిత్స జరిగెను. వారు పెద్దవారైన పిమ్మట మెదడులోను కంఠగ్రంథిలోను కణుతులు హెచ్చుగా పుట్టుచున్నవని 1974లో ప్రకటితమైన పరిశోధన బయలుపరచెను. 1994లో అచ్చటి ప్రభుత్వము నష్టపరిహారమునకై ప్రత్యేక చట్టము చేయవలసివచ్చెను. ఇంతకును ప్రాణముతీయని తామర అది. గ్రిసియోఫుల్విన్ అను ఔషధమును రైస్ట్రిక్ బృందము 1939లోనే ఒక బూజునుండి వేరుచేసియుండెను. నోటిద్వారా ఇచ్చిన అది తామరను మాన్పునని గ్లాస్గోలో జెంటిల్స్ అను శాస్త్రజ్ఞుడు గినీపందులపై 1958లో చూపువరకు దానిని వైద్యమున కుపయోగింపవచ్చునని ఎవరికిని తోచలేదు. ఆ పందొమ్మిదేండ్లలో కిరణములపాలైన పిల్లలను తలచుకొన్నచో మనస్సు కలతచెందును.

నేను మచ్చల కథకే ప్రాధాన్యమిచ్చితినిగాని, లోకమున ఎక్కువమంది వైద్యుని యొద్దకు వచ్చునది మామూలు బట్టతలకే. ఎండకు తాళలేక తాటిచెట్టు నీడకు పరుగెత్తిన భర్తృహరి ఖల్వాటుని తెలుగు విద్యార్థులందరు ఎరుగుదురు. నపుంసకులకు బట్టతల రాదని హిప్పొక్రటీసు సూత్రము. స్త్రీలకు రాదని, దానికి వారి దేహధర్మమే కారణమని మన ఆయుర్వేద వ్యాఖ్యాతల మాట. ఇరువురి చూపును ఒకే నిజముచుట్టు తిరిగినది. 1942లో అమెరికాలో జేమ్స్ హామిల్టన్, యౌవనమునకు ముందే వృషణములు కోల్పోయినవారికి బట్టతల రాకుండుటను, వారిలో వంశమున ఆ లక్షణమున్నవారికి పురుష హార్మోను ఇచ్చినపుడు వచ్చుటను గమనించి, హార్మోనును వంశమును కలిసి కారణములని స్థాపించెను. పిమ్మట రక్తపోటుకు పుట్టిన మినాక్సిడిల్ రోగుల దేహమున వెండ్రుకలు మొలపించుటచే 1988లో అమెరికాలో తలమందుగా అనుమతి పొందుటయు, 1997లో ఫినాస్టరైడ్ మాత్ర వచ్చుటయు, 1952లో న్యూయార్కులో ఓరెన్‌ట్రైక్ అను వైద్యుడు తల వెనుకటి వెండ్రుకలను ముందునకు నాటి నిలుపుటయు సుపరిచిత విషయములు. మన దేశమున ఈ బాధను మొదట విపణికెక్కించినది నూనెల వ్యాపారము; కలకత్తాలో హేమేంద్రమోహన బోసు కుంతలీన్ తైలము పేర కథల పోటీయే పెట్టగా, 1896లో జగదీశచంద్ర బోసు తలనూనె సీసాతో తుపానునణచిన కథ వ్రాసి బహుమతి పొందెను.

బట్టతల కాదు, మచ్చయును కాదు, దువ్వెననిండ జుట్టు రాలుట వేరొకటి గలదు. కాన్పయిన రెండుమూడు నెలలకు, పెద్ద జ్వరము తగ్గిన పిమ్మట అట్లు రాలుననియు, కుదుళ్లన్నియు ఒక్కసారి విశ్రాంతిదశకు పోవుటయే హేతువనియు క్లిగ్‌మన్ అను చర్మవైద్యుడు 1961లో వివరించెను. కోవిడ్ తగ్గినవారు పెక్కుమంది ఈ అనుభవమును పొందిరి. ఇది దానంతటదే కుదుటపడును. ఈ సంగతి తెలియక వేలకు వేలు ఖర్చుపెట్టిన గృహిణులను నేనెరుగుదును.

పేనుకొరుకుడు గుట్టు చివరకు దేహరక్షణకై నియమింపబడిన రక్తకణములలోనే దొరకినది. కుదురుచుట్టు తేనెటీగలవలె ముసిరియున్న ఆ కణములను వైద్యులు సూక్ష్మదర్శినిలో ఎప్పుడో చూచియుండిరి. కొలంబియా విశ్వవిద్యాలయమున ఏంజెలా క్రిస్టియానో, స్వయముగా ఈ వ్యాధి ననుభవించిన శాస్త్రజ్ఞురాలు, తన సహచరులతో 2010లో దీని జన్యుమూలములను వెలువరించి, కీళ్లవాతమువంటి స్వయంరక్షణ వ్యాధులతో దీనికిగల చుట్టరికమును చూపెను. 2014లో జాక్ అను ఎంజైములను అణచు మందులు ముసిరిన కణములను చెదరగొట్టి జుట్టు మొలపించునని తేలెను. 2022 జూనులో అమెరికా ఔషధసంస్థ తీవ్రమైన పేనుకొరుకుడునకు బారిసిటినిబ్ మాత్రను అనుమతించెను. ఇది అందరికి వలయునది కాదు; రక్తపరీక్షలతో జాగ్రత్తగా వాడవలసినది; మానినచో పెక్కుమందికి జుట్టు మరల రాలును. చిన్న మచ్చకు 1950 దశకపు చివరినుండి వాడుకలోనున్న స్టెరాయిడ్ సూదియే నేటికిని మన పట్టణములలో మొదటి చికిత్స.

ఇప్పుడు మన చర్మవైద్యుని యొద్ద మచ్చతో కూర్చున్న పిల్లవాని చూడుడు. వైద్యుడు మొదట పొట్టున్నదా, ఎరుపున్నదా, కుదుళ్ల నోళ్లు మూసుకొనిపోయినవా యని తడవి చూచును. సందేహమైనచో చీకటిగదిలో వుడ్ దీపము వెలిగించును; ఫ్రాన్సులో 1925నుండి వాడుకలోనికి వచ్చిన ఆ ఊదారంగు కాంతిలో కొన్ని తామర శిలీంధ్రములు పచ్చగా మెరయును, పేనుకొరుకుడు మెరయదు. పిదప భూతద్దము పట్టి మచ్చ అంచున, పైన లావుగా క్రింద సన్నగానుండు పొట్టి వెండ్రుకలను వెదకును. అవి కనబడగానే తల్లివైపు తిరిగి, ఇది పేనుకొరుకుడేనమ్మా, పేనుకు దీనితో పనిలేదు, ఎవరికిని అంటదు, రేపటినుండి బడికి పంపుడు అనును.